భయం ఎవరి పక్షం?

దయ్యాలు లేవని నిశ్చయంగా తెలిసినవాడు దయ్యాల చిత్రం చూసి భయపడడం ఒక వింత. ఆ భయం కోసం టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళడం అంతకన్నా పెద్ద వింత. ఈ రెండు వింతలకూ లోనయిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ముప్పయ్యేళ్ళపాటు పిల్లలకు సైన్సు చెప్పిన ఉపాధ్యాయుణ్ణి. అయినా పాత నలుపు తెలుపు భయానక చిత్రం రాత్రిపూట ఒంటరిగా చూస్తున్నప్పుడు, వెనుక తలుపు వేసి వుందో లేదో ఒకసారి తిరిగి చూసుకుంటాను.

ఆ మధ్య జగిత్యాలలో కొందరు విద్యార్థులు ఒక ఇంట్లో తెల్లగుడ్డ కట్టి, జేమ్స్ వేల్ 1931లో తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రం ప్రదర్శించారు. ఆ గుడ్డ సిరిసిల్ల సాంచాల మీద నేసినదే. చిత్రం ముగిశాక ఒక విద్యార్థి లేచి సూటిగా అడిగాడు: “సార్, పొద్దంతా ఊళ్ళు తిరిగి మంత్రాలు లేవు, చేతబడి లేదు అని చెప్తం. రాత్రికి కూసోని దయ్యాల సినిమా చూస్తం. ఇది తప్పు కాదా?”

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. 2022 జనవరిలో ఇదే జగిత్యాల పట్టణంలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో, కుల సమావేశం జరుగుతున్న చోటనే ఒక తండ్రినీ అతని ఇద్దరు కొడుకులనూ దాడిచేసి చంపారు. అటువంటి పట్టణంలో కూర్చుని భయాన్ని వినోదంగా అనుభవించేవాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వుంటుంది. అక్కడ తోచినంత చెప్పాను. ఇక్కడ ఇంకొంచెం వివరంగా ఆలోచించే ప్రయత్నం చేస్తాను.

ఈ ప్రశ్నకు సులభమైన జవాబులు రెండున్నాయి. సినిమా సినిమాయే, వినోదానికి నీతిని అంటగట్టకండి అనేది ఒకటి. కళ కళ కోసమే అనే పాత వాదానికి ఇది చవక ముద్రణ. జనం మనసు మీద సినిమాకు పట్టులేకపోతే దాని మీద అంత డబ్బు ఎవరూ పెట్టరు. రెండో జవాబు మన శిబిరంలోనే వినిపిస్తుంది: దయ్యాన్ని చూపేది ఏదయినా మూఢత్వమే, కనుక దాన్ని తిరస్కరించాలి. వినడానికి ఇది చాలా తీవ్రంగా వుంటుంది. కాని ఈ లెక్కన ‘హామ్లెట్’ నాటకంలోంచి తండ్రి ప్రేతాన్ని తొలగించాలి. 1848లో మార్క్సు, ఏంగెల్సు తమ ప్రణాళికను ఒక భూతం ప్రస్తావనతోనే ఆరంభించారు. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ గ్రంథంలో మార్క్సు పెట్టుబడిని, సజీవ శ్రమను పీల్చి బతికే రక్తపిశాచంతో పోల్చాడు. వాళ్ళు భూతాలను నమ్మారని ఎవరూ అనరు. భూతమనే ఊహలో జనం అనుభవం కొంత నిలవ వుంటుందనీ, ఆ ఊహను తగినవైపు తిప్పవచ్చుననీ వాళ్ళకు తెలుసు.

మన ఆలంకారికులు కూడా భయాన్ని వెలివేయలేదు. భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. నిజమైన పులి ఎదురయితే పరుగే గాని రసం లేదు. రంగస్థలం మీది పులి మనల్ని తినదు కనుక, భయాన్ని నిలబడి పరిశీలించే వీలు కలుగుతుంది. అరిస్టాటిల్ విషాదాంత నాటకాన్ని గురించి చెబుతూ భయాన్నీ జాలినీ జంటగా పేర్కొన్నాడు. ఈ జంటను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. తిరిగి దీని దగ్గరికే రావలసి వుంది.

అయితే రసమని పేరుపెట్టి ఊరుకుంటే చాలదు. కూలి చేసి అలిసినవాడికి ఇంకా భయం దేనికి? మా ప్రాంతంలో భయానికి కరువు లేదు. కోరుట్లలో బీడీలు చుట్టే స్త్రీకి ఇచ్చిన తునికాకుతో లెక్క పూర్తవుతుందో లేదోనని భయం. ఆమె భర్త దుబాయిలో వుంటే అర్ధరాత్రి మోగే ఫోనంటే భయం. సిరిసిల్లలో పన్నెండు గంటలపాటు సాంచాల మధ్య నిలబడే మనిషికి అప్పు భయం. 1990ల చివరి నుంచి అక్కడి నేత కార్మికులు ఎందరో ఆత్మహత్యలు చేసుకున్నారు. ఈ భయాలన్నిటికీ ఒక సామాన్య లక్షణముంది. వీటికి ముఖం లేదు. నూలు ధర పెంచేవాడు సిరిసిల్లలో కనబడడు. ఎడారిలో కూలి ఎగవేసినవాడు కోరుట్లకు రాడు. మనిషిని రోజూ నమిలేది ఎవరో అతనికి కనిపించదు.

ముఖం లేని భయంతో బతికేవాడికి ముఖమున్న భయం ఒక ఊరట. తెర మీది భయానికి ఒక ఆకారముంది, ఒక మొదలుంది, ఒక ముగింపుంది. రెండు గంటలయ్యాక దీపాలు వెలుగుతాయి. అమెరికాలో ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రెండూ 1931లోనే, మహా ఆర్థికమాంద్యం నడుమ వచ్చి జనాన్ని బారులు తీయించడం యాదృచ్ఛికమని నేననుకోను. పని పోయినవాడు తన పని ఎవరు తీశారో చూడలేకపోయాడు. కోటలోంచి దిగివచ్చే ప్రభువును మాత్రం చూడగలిగాడు.

కాని ఇక్కడే ఒక ప్రమాదం పొంచి వుంది. భయానికి ముఖం కావాలనే ఈ అవసరమే ఊళ్ళో మంత్రగాణ్ణి కూడా తయారుచేస్తుంది. జ్వరం తగ్గదు, బర్రె చచ్చిపోతుంది, కోడలికి కడుపు నిలవదు. కారణం కనిపించదు. ఎవరిదో ఒకరి ముఖం కావాలి. సినిమాకు వెళ్ళినవాడి ఆకలీ, మంత్రగాడి కోసం వెతికేవాడి ఆకలీ ఒకటే. కనుక భయం మంచిదా చెడ్డదా అని అడగడం పొరపాటు. ఆ భయానికి ఎవరి ముఖం తగిలిస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

నలుపు తెలుపు చిత్రాల ప్రత్యేకత ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. ఆ చిత్రాల్లో తెరమీద సగం భాగం చీకటి. 1920లో జర్మనీలో రాబర్ట్ వీన్ తీసిన ‘డాక్టర్ కాలిగారి’ చిత్రంలో నీడలను గోడల మీద, గుడ్డల మీద రంగుతో గీశారు. 1942లో వాల్ ల్యూటన్ నిర్మించగా జాక్ టూర్నర్ దర్శకత్వం వహించిన ‘క్యాట్ పీపుల్’ తక్కువ డబ్బుతో తీసిన చిత్రం. అందులో ఒక స్త్రీ రాత్రివేళ ఈతకొలనులో ఒంటరిగా వుంటుంది. నీటి వెలుగు గోడల మీద కదులుతుంది, ఎక్కడో ఒక గుర్రుమనే శబ్దం. మృగాన్ని స్పష్టంగా చూపరు. దాన్ని మనమే తెచ్చి ఆ మూల నిలబెడతాం. రంగుల చిత్రం ఎర్రటి నెత్తురు చూపి ప్రేక్షకుడికి పని తగ్గిస్తుంది. నలుపు తెలుపు చిత్రం అతని చేత సగం పని చేయిస్తుంది.

ప్రేక్షకుడు ఆ చీకట్లో ఏమి పెడతాడు? తన బతుకులోంచి తెచ్చినదే పెడతాడు. బేలా లుగోసి ధరించిన డ్రాకులా ప్రభువు కొండ మీద పాతకోటలో వుంటాడు. కింద పల్లెవాళ్ళు పొద్దుగూకితే తలుపులు వేసుకుంటారు, ఆ పేరెత్తడానికి జంకుతారు. మా తాలూకాలలో ఈ దృశ్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. కోట అంటే గడీ. ప్రభువు అంటే దొర. ఊరి నెత్తురు మీద బతికేవాడు. 1978 సెప్టెంబరులో రైతుకూలీలు వేల సంఖ్యలో జగిత్యాల జైత్రయాత్ర జరిపారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజుల్లో దొరలనేకులు ఊళ్ళు విడిచి పట్టణాలకు చేరారు. గడీలు బోసిపోయాయి.

ఆ పాడుపడిన గడీల చుట్టూ దయ్యాల కథలు అల్లుకున్నాయి. నేను విన్న కథల్లో ఒక విశేషం వుంది. బావిలో పడి చచ్చిన దాసి దయ్యమయింది. వెట్టికి పోయి తిరిగిరాని మాదిగ పెద్దాయన దయ్యమయ్యాడు. నిండు నెలల్లో చనిపోయిన కూలి స్త్రీ దయ్యమయింది. దొర మాత్రం ఒక్క కథలోనూ దయ్యం కాలేదు. చంపినవాడు చచ్చినా మర్యాదగానే మిగిలాడు. చచ్చినవాళ్ళు చచ్చి కూడా ఊరిని పీడించేవాళ్ళయ్యారు. ఫ్యూడల్ సమాజం భయాన్ని ఎంత నేర్పుగా దారిమళ్ళిస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఇక్కడి కథ దాసిని దయ్యం చేస్తే, డ్రాకులా కథ దొరను దయ్యం చేసింది. మా విద్యార్థులకు ఆ చిత్రం పట్ల కలిగే ఉత్సాహంలో ఈ తృప్తి కూడా కొంత వుందని నా అభిప్రాయం.

మన దేశంలోని మంచి చిత్రాలు కూడా ఈ దారిలో కొంతదూరం నడిచాయి. కమాల్ అమ్రోహీ 1949లో బొంబాయి టాకీస్ కోసం తీసిన ‘మహల్’కు ఛాయాగ్రహణం చేసినవాడు జోసెఫ్ విర్షింగ్ అనే జర్మన్. జర్మనీ చిత్రాల వెలుగునీడల విద్య అట్లా బొంబాయికి వచ్చింది. పాత భవనంలో తిరిగే దయ్యం చివరికి ఎవరు? తోటమాలి కూతురు. భవనం యజమాని కంటికి తోటమాలి కూతురు కూతురుగా కనబడదు. ప్రేతంగా కనబడితేనే ప్రేమించదగినదవుతుంది. దర్శకుడు ఈ వ్యాఖ్య చేయాలనుకున్నాడో లేదో గాని కథ మాత్రం చేసింది.

1958లో బిమల్ రాయ్ తీసిన ‘మధుమతి’కి కథ రాసినవాడు ఋత్విక్ ఘటక్. సంగీతం సలీల్ చౌధురి. ఇద్దరూ ప్రజానాట్య ఉద్యమంలోంచి వచ్చినవాళ్ళే. ‘దో బీఘా జమీన్’ తీసిన దర్శకుడు దయ్యం కథ తీశాడని అప్పుడు నొచ్చుకున్నవాళ్ళు వుండవచ్చు. కాని ఆ దయ్యం ఏమి చేస్తుంది? కొండజాతి పిల్లను చెరపట్టబోయి ఆమె చావుకు కారణమైన ఎస్టేటు యజమానిని నిలదీస్తుంది. బతికివుండగా ఆమె మాట ఏ కచేరీలోనూ చెల్లదు. చచ్చాక సాక్ష్యం చెప్పింది. దాన్ని పునర్జన్మ కథగా ముగించి, ఈ జన్మ అన్యాయానికి మరో జన్మలో ఓదార్పు చూపడం ఆ చిత్రంలోని బలహీనత. ఆ బలహీనతను చెప్పాలి; దానికోసం దాని బలాన్ని దాచకూడదు. హిందీలో 1964లో వచ్చిన ‘వో కౌన్ థీ?’ 1966లో తెలుగులో ‘ఆమె ఎవరు?’ అయింది. అక్కడ తెల్లచీర దయ్యం వెనుక వున్నది ఆస్తి కోసం పన్నిన కుట్ర. దయ్యాన్ని గుంజితే వీలునామా బయటపడింది. ఇంతకన్నా మంచి భౌతికవాద పాఠం ఏ ఉపన్యాసంలో చెప్పగలం?

ఇట్లా చెప్పుకుంటూపోతే ఈ చిత్రాలన్నీ మన పక్షమే అనిపించవచ్చు. అది నిజం కాదు. ఎందుకు కాదో చెప్పడానికి నా తప్పు ఒకటి చెప్పుకోవలసి వుంది.

నాకు తొమ్మిది పదేళ్ళ వయసులో కోరుట్లలో టూరింగ్ టాకీసు గుడారంలో ‘పాతాళభైరవి’ చూశాను. 1951లో విడుదలయిన ఆ చిత్రం ఎన్నో ఏళ్ళు ఊరూరా తిరిగింది. అది జానపదమే గాని భయానక చిత్రం కాదు. అయినా ఎస్.వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడి కళ్ళూ, గడ్డమూ, గుహలో నరబలి ఏర్పాట్లూ మార్కస్ బార్ట్లే పట్టిన వెలుగునీడల్లో మాకు నిద్రలేకుండా చేశాయి. మా వాడకు అప్పుడప్పుడు గడ్డం పెంచిన ఒక ముసలి బిచ్చగాడు వచ్చేవాడు. సంచిలో ఏవో వేళ్ళు, మూలికలు వుండేవి. సినిమా చూసిన మర్నాటినుంచి అతను మాకు మాంత్రికుడయ్యాడు. పిల్లలమంతా కలిసి వెంటపడి రాళ్ళు విసిరాం. నేను విసిరిన రాయి అతని నుదుటికి తగిలింది. అతను తిట్టలేదు. నెత్తురు తుడుచుకుని, సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వాడకు రాలేదు. పెద్దవాళ్ళెవరూ మమ్మల్ని కోప్పడలేదు. “పీడ పాయె” అన్నవాళ్ళు కూడా వున్నారు.

‘పాతాళభైరవి’ గొప్ప చిత్రమే. తోటమాలి కొడుకు రాకుమారిని గెలవడంలో పేదవాడి కల వుంది. కాని ఆ కథలో, నా అంత సంపద తెస్తేగాని పిల్లనివ్వనన్న రాజు మంచివాడుగానే మిగులుతాడు. చెడు అంతా దేశాంతరం నుంచి వచ్చిన మాంత్రికుడిలో పోగుపడుతుంది. ఆ పంపకాన్ని నేను చిన్నతనంలోనే నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని చేతిలోని రాయితో ఆచరించాను. సినిమాకు ప్రభావం లేదని ఎవరయినా అంటే నాకు ఆ ముసలివాడి నుదురు గుర్తుకు వస్తుంది.

ఎన్నో ఏళ్ళ తరువాత ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చూసినప్పుడు నన్ను కలవరపెట్టింది ఆ వికృతరూపం కాదు, కాగడాలు. ఆ చిత్రంలో బోరిస్ కార్లోఫ్ ధరించిన జీవి శవాల ముక్కలతో అతికి చేసినది. చెరువు ఒడ్డున ఒక చిన్నపిల్ల అతనితో పూలాట ఆడుతుంది. పూలు తేలాయి కదా అని, పిల్ల కూడా తేలుతుందనుకుని ఆమెను నీటిలో వేస్తాడు. కూతురి శవాన్ని చేతుల మీద మోస్తూ తండ్రి ఊళ్ళోకి నడిచి వస్తాడు. ఆ తండ్రి దుఃఖం నిజమైనదే. ఊరంతా కాగడాలు పట్టుకుని కుక్కలతో వెంటాడి, అతను చేరిన గాలిమరను తగలబెడుతుంది. అతన్ని తయారుచేసి వదిలేసిన ప్రభువుల బిడ్డ మాత్రం ప్రాణాలతో బయటపడతాడు. అతని ఇంట్లో క్షేమంగా పానపాత్రలు ఎత్తుతారు.

జగిత్యాలలో మేము ఈ చిత్రం చూస్తున్నప్పుడు ఆ ఇంటి ముసలావిడ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని వుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. మర తగలబడుతున్నప్పుడు ఆమె అన్నది: “అయ్యో, వాడేం పాపం జేసిండు బిడ్డా! పుట్టిచ్చినోన్ని ఇడిసిపెట్టి పుట్టినోన్ని కాలవెడ్తున్రు.” ఆ చిత్రం మీద ఇంత సరైన విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమెకు మొదట భయం కలిగింది. తరువాత ఆ భయం జాలి అయింది. అరిస్టాటిల్ చెప్పిన జంట అదే.

ఆ చిత్రంలోనూ లోపముంది. నేరస్థుడి మెదడు పెట్టినందువల్ల అతను దుర్మార్గుడయ్యాడన్నట్టు ఒక కల్పన చేర్చారు. 1818లో మేరీ షెల్లీ రాసిన నవలలో అది లేదు. అక్కడ మనుషులు వెలివేయడం వల్లనే ఆ జీవి క్రూరుడవుతాడు. నిర్మాతలు పుట్టుకను నిందించారు, రచయిత్రి సమాజాన్ని నిందించింది. అయినా కార్లోఫ్ కళ్ళలోని దైన్యం ఆ కల్పనను ఓడించింది. 1968లో జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ ఇంకా ముందుకు పోయింది. రాత్రంతా ప్రేతాలతో పోరాడి బతికిన నల్లజాతి యువకుణ్ణి తెల్లవారి, తుపాకులు పట్టుకుని వచ్చిన తెల్లవాళ్ళ దండు కాల్చి చంపుతుంది. ప్రేతమనుకున్నారు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. ఆ చిత్రం చూసినవాడు రాత్రికి ప్రేతాలంటే భయపడితే, తెల్లవారి దండు అంటే భయపడతాడు.

మా ఊళ్ళ బాణామతి భయం దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తుంది. అక్కడ భయం జాలి కాదు, కసి అవుతుంది. అనుమానం ఎవరి మీద పడుతుంది? ఒంటరి వితంతువు మీద, భూమి తగాదా వున్న దాయాది మీద, మూలికలు తెలిసిన దళితుడి మీద, గడ్డం పెంచిన బిచ్చగాడి మీద. మంత్రం పలకకుండా చేయడానికి పళ్ళు రాలగొట్టడం మా జిల్లాల్లో ఎరిగిన సంగతే. డాక్టరు లేని దవాఖానా మీద ఎవరికీ అనుమానం రాదు. కలుషితమైన నీటి మీద రాదు. బీడీ తంబాకు ధూళి మీద, నిద్రలేని సాంచాల రాత్రి మీద రాదు. భూతవైద్యుడు ఇచ్చే ముఖం ఎప్పుడూ మనకన్నా బలహీనుడిదే. దాన్ని నమ్మడం వల్ల ఏ యజమానికీ నష్టం లేదు.

మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ హత్య తరువాత 2013లో ఇటువంటి దురాచారాల మీద చట్టం వచ్చింది. 2017లో కర్ణాటక చట్టం చేసింది. చట్టం కావాలి. మన జనవిజ్ఞాన కార్యకర్తలు ఊరూరా తిరిగి బాబాల గారడీలను బయటపెట్టడం కూడా కావాలి. కాని దయ్యం లేదని రుజువు చేసినంతమాత్రాన భయం పోదు. భయానికి మూలమైన అప్పు, రోగం, నిరుద్యోగం అక్కడే వుంటాయి. ఖాళీ అయిన చోటికి మరో ముఖం వచ్చి చేరుతుంది. ఇవాళ మంత్రగాడు, రేపు పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని పుకారు పుట్టిన పరాయి భాషవాడు, ఎల్లుండి పరాయి మతంవాడు. 2018లో సెల్‌ఫోన్లలో తిరిగిన పుకార్లు నమ్మి దేశంలో ఎన్నోచోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ చంపినవాళ్ళలో చాలామంది మంత్రాలను నమ్మేవాళ్ళు కాకపోవచ్చు. గుంపును నమ్మారు, అంతే.

అందుచేత ఆ విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది. భయపడడం తప్పు కాదు. భయాన్ని ఎవరి మీదికి విసురుతున్నామో చూసుకోకపోవడం తప్పు. చీకట్లో కూర్చుని, తరమబడేవాడి కళ్ళతో కాగడాలను చూడగలగడం ఒక నైతిక శిక్షణ. నా పదో ఏట అటువంటి చిత్రం ఎవరయినా చూపి, తరువాత కూర్చోబెట్టి మాట్లాడివుంటే, ఆ రాయి నా చేతిలోంచి జారిపోయి వుండేదేమో.

అతను అంత సులభంగా ఒప్పుకోలేదు. “చూసినోళ్ళందరు ఆ అవ్వ లెక్క ఆలోచిస్తరా సార్?” అన్నాడు.

ఆలోచించరు. నాకు తెలుసు. ఒకే చిత్రం చూసి ఒకరు కాగడా ఆర్పుతారు, మరొకరు వెలిగిస్తారు. చిత్రం దానంతట అది ఏ పక్షమూ నిలబడదు. చూసినవాళ్ళ మధ్య జరిగే చర్చలో దాని పక్షం తేలుతుంది. విమర్శకుడికీ ఉపాధ్యాయుడికీ పని అక్కడే వుంది. ఈ చిత్రాలను మన గదుల్లో మనమే చూసుకుని సంతోషించడం కాదు, ఆ తెల్లగుడ్డను బీడీ కార్మికుల వాడకు, సాంచాల కార్మికుల బస్తీకి తీసుకుపోవాలి. దీపాలు వెలిగాక వెంటనే ఇంటికి పోనివ్వకూడదు. ఇందులో నిజంగా పీడించినవాడెవడు, దెబ్బ తిన్నవాడెవడు, చివరికి క్షేమంగా ఇల్లు చేరినవాడెవడు అని అడగాలి. ఆ తరువాత, మన ఊళ్ళో అని అడగాలి.

వచ్చే నెల రెండో శనివారం సిరిసిల్లలో ప్రదర్శన పెట్టాలని ఆ విద్యార్థే ప్రతిపాదించాడు. రాత్రి పాళీ కార్మికులకు వీలుగా మధ్యాహ్నం పెడదామనుకున్నాం. పగటివేళ గది చీకటి చేయడానికి కిటికీలకు కట్టేందుకు నల్లగుడ్డ దొరకాలి.